తొమ్మిదో రూటుకు నలభై అయిదుగురు సలహాదారులు

పొద్దున పూట హైమావతి తలలో పూలు పెట్టుకోదు, పౌడరు రాసుకోదు, కాఫీ తాగదు. మడీ కాదు, మొక్కూ కాదు, ఉద్యోగం. గుండ్లేరు సహకార పాలకేంద్రంలో లారీ నుంచి దిగిన ప్రతి క్యాను మూతా తీసి, వంగి, ఒక్కసారి వాసన చూసి, పాలు మంచివో పులిసినవో చెప్పడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పాలలో వెన్న ఎంతో, నీళ్ళెన్నో యంత్రాలు చెబుతాయి. ఇంకో గంటలో పులవబోయే పాలను ఇప్పుడే పట్టుకునేది మాత్రం ఆమె ముక్కే. మంచివైతే క్యాను మీద సుద్దముక్కతో టిక్కు పెడుతుంది. కాకపోతే సున్నా చుడుతుంది. సున్నా పడిన క్యాను వచ్చిన లారీలోనే వెనక్కి పోతుంది.

ఈ సున్నాలలో సగానికి పైగా తొమ్మిదో రూటువే. తొమ్మిదో రూటు అంటే తూర్పు కొప్పెరపాలెం, దాని చుట్టూ ఉన్న నాలుగు ఊళ్ళు. అరవై రెండు ఇళ్ళ ఆడవాళ్ళు గేదెల పాలు పిండి పోస్తారు. ఆ లారీ తెల్లవారుజామునే బయల్దేరి, పన్నెండు లారీలలోనూ ముందుగా, ఏడింటికి అయిదు నిమిషాలుండగానే గేటు ముందుకు వచ్చి నిలబడుతుంది. నిలబడే ఉంటుంది. ఎందుకంటే పాలకేంద్రం గేటులోకి లారీలను రూటు నంబరు వరసన వదలాలని నిబంధన. ఒకటి వెళ్ళాకే రెండు, రెండు వెళ్ళాకే మూడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఏ ఊళ్ళు ముందు సంఘంలో చేరితే వాటికి ముందు నంబర్లు ఇచ్చారు. నాలుగో నంబరు లారీకి దారిలో రైలు గేటు అడ్డం. అది ఏ రోజూ పొద్దున తొమ్మిది గంటలకు ముందు రాలేదు. అది వచ్చేదాకా తొమ్మిదో రూటు పాలు ఎండలో కాగుతూ ఉంటాయి.

ముందొచ్చిన బండికి ముందు గేటు తీయమని హైమావతి ఆరేళ్ళలో ఏడు కాగితాలు రాసింది. అన్నీ ఒక్క వాక్యం కాగితాలే. ఏడింటికీ జవాబు రాలేదని అనడానికి లేదు, వచ్చింది. "వరుస సంఖ్యల మార్పు విధానపరమైన అంశం" అని.

ఇలా ఉండగా మేనేజింగ్ డైరెక్టరు శేషఫణి గారు కొండమీద హోటల్లో జరిగిన మూడు రోజుల సదస్సుకు వెళ్ళి వచ్చారు. వచ్చిన మర్నాడే సర్కులరు వేశారు.

"విషయం: సలహాల స్వీకరణలో నిష్పాక్షికత గురించి. సంస్థలో పనిచేయు వ్యక్తులు సంస్థ గురించి ఇచ్చు సలహాలు వారి స్వీయానుభవంతో కలుషితమై ఉండు అవకాశమున్నందున, ఇకమీదట ఉద్యోగుల సలహాలు సలహాలుగా పరిగణింపబడవు. సంస్థతో ఉద్యోగ సంబంధము లేని వ్యక్తుల సలహాలు మాత్రమే స్వీకరింపబడును."

దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంతకు ముందు మాత్రం ఎవరి సలహా ఎవరు విన్నారు గనక. కానీ మార్చిలో ఒక సంగతి జరిగింది. స్టోర్సు గుమాస్తా పేరయ్య రిటైరయ్యాడు. క్యాంటీన్‌లో కుళాయి కారుతోందని, వాషరు మార్చమని ఆయన పదకొండేళ్ళుగా నెలకోసారి చెప్పేవాడు. రిటైరయిన రెండో వారంలో, టీ తాగడానికి అలవాటుగా వచ్చి, అలవాటుగానే అన్నాడు, "ఈ కుళాయికి వాషరు మార్చండయ్యా" అని.

అయిదు నిమిషాల్లో శేషఫణి గారు ఆయన్ని తన గదికి పిలిపించారు. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టారు.

"బయటి చూపు అంటే ఇదీ," అన్నారు మిగతా వారితో. "ఇన్నేళ్ళుగా ఇంతమంది ఈ కుళాయి కింద చేతులు కడుక్కున్నారు. ఒక్కరికి తట్టిందా?"

పేరయ్య తనకు తట్టిందని చెప్పబోయాడు గానీ అప్పటికే శాలువా కప్పేశారు. సాయంత్రానికల్లా వాషరు మారింది.

ఆ రాత్రి గుండ్లేరులో నలభై ఆరు ఇళ్ళలో భోజనాల దగ్గర ఇదే మాట. పాలకేంద్రంలో ఉద్యోగులు సరిగ్గా నలభై ఆరుగురు.

మొట్టమొదట రాజీనామా ఇచ్చింది గేటు కాపలా మస్తాన్‌వలి. కాపలా గది మీద రేకు వేయించమని అతను పంతొమ్మిదేళ్ళుగా అడుగుతున్నాడు. సోమవారం ఉద్యోగం మానేశాడు, బుధవారం ప్రవేశద్వార సలహాదారుగా చేరాడు, శనివారానికి రేకు పడింది. కింద కూర్చోవడానికి కాపలావాడు లేడు. తర్వాత క్యాంటీన్ వంటమనిషి, తర్వాత టైపిస్టు, ఆ తర్వాత ఇద్దరు ఫోర్‌మన్లు. యంత్రాలు తిప్పేవాళ్ళూ, క్యాన్లు మోసేవాళ్ళూ ఎప్పటినుంచో కాంట్రాక్టు మనుషులే గనక పని ఆగలేదు. వాళ్ళు ఉద్యోగులూ కారు, బయటివాళ్ళూ కారని తేల్చారు. అందువల్ల వాళ్ళు సలహా చెప్పే ప్రశ్నే లేదు.

ఏప్రిల్ వచ్చేసరికి హైమావతికీ మనసు లాగింది.

సాయంత్రం బెండకాయలు తరుగుతూ మొగుడితో అంది. కోటిలింగం ఆర్టీసీ డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో మైకులో చెబుతాడు.

"ఏవండీ, నేనూ ఉద్యోగం మానేసి కన్సల్టెంటుగా వెళ్దామనుకుంటున్నా."

"నలభై ఆరేళ్ళొచ్చాకా?"

"నడివయసు వాళ్ళే కావాలట ఆ పనికి. తల నెరిసుంటే ఇంకా మంచిదట."

"సరే, ఏం చెబుతావక్కడ?"

"ముందొచ్చిన బండికి ముందు గేటు తీయమని చెబుతా."

"ఆ తర్వాత?"

ఆ తర్వాత ఏం చెప్పాలో హైమావతి ఆలోచించలేదు. తన దగ్గరున్నది ఆ ఒక్క మాటే. అది చెప్పేస్తే చాలు, కొప్పెరపాలెం వాళ్ళ క్యాన్ల మీద రోజూ సున్నాలు చుట్టే ఖర్మ తప్పుతుంది.

"ఇరవై నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో నేను చెబుతున్న సలహా ఒక్కటి విన్నారా ఎవరైనా?" అన్నాడు కోటిలింగం.

"మీరు ఇంట్లో మనిషి కదండీ," అంది హైమావతి. "అందుకే వినలేదు."

అందులో నిజముందేమోనని అతనికీ అనుమానం వచ్చింది.

ఆ ఆదివారం విజయవాడలో ఒక హోటల్లో 'నడివయసులో కొత్త నడక' అని మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీలోకి దిగాలనుకునే వాళ్ళకు ఒక రోజు శిబిరం పెట్టారు. హైమావతి ఉతికిన గంజిచీర కట్టుకుని వెళ్ళింది. ముప్ఫై మంది దాకా ఉన్నారు. బ్యాంకు మేనేజర్లు, ఒక పశువుల డాక్టరు, రిటైరు కాబోతున్న హెడ్మాస్టరు ఒకాయన. పాఠం చెప్పడానికి వచ్చిన శ్రీకర్‌కు ముప్ఫై ఏళ్ళుంటాయేమో.

"మీ సంస్థలో సమస్య ఒకటి చెప్పండి మేడం," అన్నాడతను.

ఆమె గేటు సంగతి చెప్పింది.

"వెరీ గుడ్. ఇప్పుడు మీరు కన్సల్టెంటు. ఏం చేస్తారు?"

"ముందొచ్చిన బండికి ముందు గేటు తీయమంటాను."

శ్రీకర్ ఆమెను జాలిగా చూశాడు.

"ఈ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టింది మేడం?"

"ఒక్క నిమిషం కూడా పట్టలేదండీ."

"పొరపాటు అక్కడే జరిగింది. అది వాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా మోస్తున్న సమస్య. మీరు వచ్చీ రాగానే నిమిషంలో దించేస్తే వాళ్ళు మొహం ఎక్కడ పెట్టుకోవాలి? సమస్యకు కూడా మర్యాద ఉంటుంది. మొదటి దశలో మనం ఏమీ అనుకోం, వింటాం. రెండో దశలో విన్నది వాళ్ళకే తిరిగి చెబుతాం. మూడో దశలో, అప్పటికీ సమస్య అక్కడే ఉంటే, పరిష్కారం గురించి మాట్లాడతాం."

"ఈలోగా పాలు పులుస్తాయి కదండీ."

"దాన్ని మనం అంచనా వేస్తాం మేడం," అంటూ బోర్డు మీద నాలుగు గళ్ళు గీశాడు. ఒకటి ముఖ్యం, ఒకటి అత్యవసరం, రెండూ ఉన్నవి, రెండూ లేనివి. "మీ లారీలు ఏ గడిలో ఉన్నాయి?"

"గేటు బయట ఉన్నాయండి," అంది హైమావతి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె మజ్జిగ గ్లాసు ముక్కు దాకా తెచ్చి, పక్కన పెట్టేసింది. పక్కనున్న హెడ్మాస్టరుతో అంది, "మాస్టారూ, ఆ మజ్జిగ తాగకండి."

"ఎవరన్నారమ్మా?"

"నేనే."

"మీరూ మాతో పాటు నేర్చుకోవడానికి వచ్చినవారేగా," అని ఆయన రెండు గ్లాసులు తాగాడు. మధ్యాహ్నం పాఠానికి ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. శ్రీకర్ ఆ గైర్హాజరును మూడో గడిలో వేశాడు.

సాయంత్రం సర్టిఫికెట్టు ఇచ్చారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది హైమావతి. గళ్ళు ఆమెకు నచ్చలేదు, దశలూ నచ్చలేదు. కానీ ఒక్కటి మాత్రం మనసులోంచి పోలేదు. తనను కూడా ఎవరైనా ఒక కుర్చీలో కూర్చోబెట్టి, "చెప్పండి హైమావతి గారూ" అంటే ఎలా ఉంటుందో అని. ఇరవై రెండేళ్ళలో ఆమెను క్యాన్లు దించే అరుగు మీద, అదే డాక్ మీద, కూర్చోమన్నవారు లేరు. వాసన నిలబడే చూడాలి.

మర్నాడు డ్యూటీకి వెళ్ళేసరికి గేటు పక్కన మస్తాన్‌వలి ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ఫైలుతో నిలబడి ఉన్నాడు.

"నమస్తే మేడం గారూ. ఒక చిన్న సమాచారం కావాల. ఈ గేటు లోపలికి తెరుచుకుంటదా, బయటికా?"

"అదేంటి మస్తానూ, పంతొమ్మిదేళ్ళు నువ్వే కదయ్యా తీసింది."

"అది ఉద్యోగంలో ఉన్నప్పుడమ్మా. ఆ తెలివి ఇప్పుడు వాడకూడదు. నిన్న రెండో సర్కులరు వచ్చింది." గొంతు తగ్గించాడు. "లోపలికేనని నాకూ తెల్సు. కానీ ఇప్పుడున్న ఉద్యోగి చెప్తేనే రాసుకోవాల."

రెండో సర్కులరు నోటీసు బోర్డు మీద ఉంది. పేరయ్య సలహా మరీ తొందరగా వచ్చిందని, అందులో పాత అనుభవం కలిసి ఉండవచ్చని శేషఫణి గారికి ఎవరో రాశారట. అందుచేత సలహాదారులు తాము ఉద్యోగులుగా ఉన్నప్పటి పరిజ్ఞానాన్ని వాడరాదు. కావలసిన సమాచారం ప్రస్తుత ఉద్యోగులను అడిగి తెలుసుకోవాలి. సంస్థ పనిలో చేయి పెట్టరాదు. అధ్యయనం ముగిసే వరకు అన్ని వ్యవస్థలూ, గేటు వరసతో సహా, యథాతథంగా ఉంచవలెను.

"లోపలికే," అంది హైమావతి.

మస్తాన్ శ్రద్ధగా రాసుకున్నాడు.

"మస్తానూ, నీకూ తెలుసు కదా ఈ తొమ్మిదో రూటు గొడవ. నువ్వు రోజూ కళ్ళతో చూసినవాడివి. ఆ ఒక్క ముక్క నీ రిపోర్టులో రాయకూడదూ?"

"రాస్తానమ్మా, రాయకుండా ఎక్కడికి పోతాను. మూడో దశలో వస్తది. ఇప్పుడింకా మొదటి దశ. మొదటి దశలో మేం ఏమీ అనుకోకూడదు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"అది కూడా అనుకోకూడదు మేడం గారూ."

ఏప్రిల్ నెలాఖరుకు డాక్ మీద హైమావతి, పైన గదిలో శేషఫణి గారు, ఇద్దరే మిగిలారు. అప్పుడు శేషఫణి గారికి ఒక మనోవేదన కలిగింది. తానూ లోపలివాడే. తన సర్కులర్లు కూడా తన సర్కులరు ప్రకారం చెల్లవు. ఆయన నిజాయతీపరుడు. మే ఒకటిన పదకొండు గంటలకు రాజీనామా రాశారు. పదకొండుంబావుకు ఆమోదించారు. పదకొండున్నరకు తనను ప్రధాన సలహాదారుగా నియమిస్తూ ఉత్తర్వు తానే టైపు చేసి, కింద సంతకం పెట్టబోయి, తాను ఉద్యోగి కాడని గుర్తొచ్చి ఆగిపోయారు. డాక్ మీది నుంచి హైమావతిని పిలిపించారు.

"ఇక్కడ సంతకం చేయాలమ్మా. మీరిప్పుడు తాత్కాలిక బాధ్యులు."

"దేనికండీ?"

"అన్నిటికీ."

హైమావతి సుద్దపొడి అంటిన చెయ్యి చీరకు తుడుచుకుని సంతకం చేసింది. శేషఫణి గారు లేచి తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా సందర్శకుల కుర్చీలో కూర్చుని, జేబులోంచి చిన్న పుస్తకం తీశారు.

"ఇప్పుడు చెప్పండి హైమావతి గారూ. ఈ సంస్థ ఏం చేస్తుంది?"

ఎవరైనా అలా అడిగితే ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. కింద లారీలు హారన్లు కొడుతున్నాయి.

మర్నాటి నుంచి నలభై అయిదుగురూ ఆమె వెనకాలే. క్యాను మూత తీస్తుంటే టైపిస్టు, "టైపు మిషను ఏ గదిలో ఉంటుందండీ?" అంటుంది. వంగి వాసన చూస్తుంటే వంటమనిషి, "క్యాంటీన్‌లో ఉప్పు ఎక్కడ పెడతారు తల్లీ?" అంటాడు. ఆ ఉప్పు డబ్బా పెట్టింది అతనే. గేటు తీయడం, తాళం వేయడం కూడా ఆమె మీదే పడింది. ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు, ఆ తర్వాత నాలుగో నంబరు కోసం ఎదురుచూపు. యథాతథ స్థితి తప్పితే నలభై అయిదుగురి అధ్యయనమూ మొదటికి వస్తుంది గనక గేటుకు అటు ఒకరు, ఇటు ఒకరు చేతిగడియారాలు చూసుకుంటూ కాపలా. లోపలికి పోవలసిన ప్రతి లారీకీ ఇదివరకటికంటే గంట ఆలస్యం. తొమ్మిదో రూటు నలభై క్యాన్లలో ఇదివరకు పది పన్నెండింటికి సున్నా పడేది. ఇప్పుడు ఇరవై ఆరింటికి పడుతోంది.

మే పన్నెండున తూర్పు కొప్పెరపాలెం సంఘం ప్రెసిడెంటు అంకమ్మ లారీ దిగి, నడుముకు కొంగు బిగించి, డాక్ మెట్లెక్కింది. చేతిలో పాలకమండలి నోటీసు. మే నెలలో సగం కంటే ఎక్కువ క్యాన్లు తిరిగి వస్తే జూన్ ఒకటి నుంచి తొమ్మిదో రూటు రద్దు.

"నీ సున్నాలు సూసి సూసి మావోళ్ళు గేదెల్ని తోలేద్దామంటన్నారమ్మా. ఏం పాపం సేసినయ్యి మా పాలు?"

"మీ దగ్గర బయల్దేరినప్పుడు మంచివే అంకమ్మా. ఈ గేటు ముందే పులుస్తున్నాయి."

"ఆ ముక్క పైవోళ్ళకి సెప్పగూడదా?"

"చెప్పాను. నేను లోపలిదాన్నట."

"మరి నే బయటదాన్నేగా. నే సెప్తా పద."

శేషఫణి గారు అంకమ్మను ఎంతో గౌరవంగా కూర్చోబెట్టారు.

"మీ ఆవేదన నాకు అర్థమైందమ్మా. కానీ ఇది సహకార సంస్థ. పాలు పోసే ప్రతి సభ్యురాలూ దీనికి యజమానే. యజమాని కంటే లోపలివారు ఎవరుంటారు చెప్పండి? ఉద్యోగి మాటే మేం వినడం లేదు. యజమాని మాట ఎలా వింటాం?"

అంకమ్మ మెట్లు దిగుతూ, "యజమానినంట నేను," అంది హైమావతితో. "ఆ ముక్క మా గేదెకి తెలీదు పాపం. రోజూ నన్ను పేడ ఎత్తమంటది."

ఆ మధ్యాహ్నం హైమావతి బాగా ఆలోచించింది. ఉద్యోగి మాట చెల్లదు, యజమాని మాట చెల్లదు. మూడో దశ జూన్ ఒకటికి ముందు రాదు. తాను బయటికి పోతే, విజయవాడ సర్టిఫికెట్టు చేతిలో ఉంది గనక, దశలూ గిశలూ లేకుండా ఆ ఒక్క వాక్యం మొదటి రోజే చెప్పెయ్యవచ్చు. మర్యాద తప్పిందని అనుకుంటే అనుకోనీ. రాజీనామా రాసింది. ఎవరికి ఇవ్వాలని చూస్తే, తాత్కాలిక బాధ్యురాలికి ఇవ్వాలని ఉంది. తనకు తానే ఇచ్చుకోవడం బాగుండదని, పరిశీలన నిమిత్తం తన బల్ల మీది ట్రేలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

ట్రేలో కాగితాలు చదవడం సలహాదారుల మొదటి దశలో భాగం.

ఆదివారం మధ్యాహ్నం హైమావతి ఇంటి ముందు నలభై అయిదు జతల చెప్పులు. ముందుగది నిండిపోయింది, కొందరు మెట్ల మీద కూర్చున్నారు, మిగతావాళ్ళు వీధిలో నిలబడ్డారు. కోటిలింగం అలవాటుగా గడప దగ్గర నిలబడి, "లోపలికి జరగండి, ముందంతా ఖాళీ ఉంది, జరగాలి," అని సర్దాడు.

శేషఫణి గారు గొంతు సవరించుకున్నారు.

"హైమావతి గారూ, మీ రాజీనామా వల్ల ఒక నిర్మాణాత్మక శూన్యత ఏర్పడే ప్రమాదం మా దృష్టికి వచ్చింది. మా ఒప్పందంలోని నాలుగవ అంశం ప్రకారం మేం సలహాలను సంస్థకు సమర్పించాలి. ప్రస్తుత పరిస్థితిలో సంస్థ అంటే..." గదంతా కలయజూశారు. "మీరే."

"నేనూ మీలాగే కన్సల్టెంటునవుతానండీ. సర్టిఫికెట్టు కూడా ఉంది."

"మా అభ్యంతరం మీ అర్హత గురించి కాదమ్మా."

ఎవరూ విడమరచి చెప్పలేకపోతుంటే మస్తాన్‌వలి మెట్ల మీది నుంచి తల లోపలికి పెట్టాడు.

"మేడం గారూ, మీరు లోపలుంటేనే గదమ్మా మేం బయట. మీరూ వచ్చేస్తే మేం దేనికి బయట?"

గదిలో చాలామంది కిందికి చూశారు. టైపిస్టు కొంగుతో కళ్ళొత్తుకుంది. అందరూ ఉద్యోగాలు వదులుకుని వచ్చినవాళ్ళే, వెనక్కి పోవడానికి చోటు లేదు.

హైమావతి వాళ్ళను చూసింది. కోపం రావాలి, రాలేదు.

"నేను బయటికొచ్చి చెప్పాలనుకున్నది ఒకే ఒక్క మాట. అది మీరే చెబితే నేను రావలసిన పనే లేదు. ముందొచ్చిన బండికి ముందు గేటు తీయమనండి."

శేషఫణి గారు నొచ్చుకున్నట్టు ముఖం పెట్టారు. "అది మూడో దశలోని విషయం కదమ్మా."

"మూడో దశ వచ్చేసరికి తొమ్మిదో రూటు ఉండదండీ."

"సార్," అన్నాడు కోటిలింగం టీ గ్లాసులు అందిస్తూ, "మా డిపోలో డ్రైవరు రాకపోతే మూడో సర్వీసును మొదటి సర్వీసు కంటే ముందు వదిలేస్తాం. ప్రయాణికులు ఏమీ అనుకోరు. అసలు గమనించరు."

శేషఫణి గారు ఈ మాటను ఆసక్తిగా విన్నారు. కోటిలింగం పాలకేంద్రానికి పూర్తిగా బయటివాడు.

"మూడో దశను మొదటి దశకు ముందు జరపకూడదని ఎక్కడైనా ఉందా?" అని అడిగారు. ఫైళ్ళు తిప్పారు. ఎక్కడా లేదు. అయితే ఇంకో చిక్కు వచ్చింది. ఏ సిఫారసుకైనా ప్రత్యక్ష పరిశీలన ఆధారంగా ఉండాలి. జరగని దాన్ని గమనించలేరు, గమనించని దాన్ని సిఫారసు చేయలేరు. జరపడానికేమో యథాతథ స్థితి అడ్డం. రెండు గంటలు చర్చించారు. కోటిలింగం రెండోసారి టీ పెట్టాడు. చివరికి ఫోర్‌మన్లలో ఒకాయన దారి చూపించాడు. శేషఫణి గారు చెప్పింది చెప్పినట్టు హైమావతి వంటింటి చీటీ మీద రాసి, తాత్కాలిక బాధ్యురాలి హోదాలో సంతకం చేసింది.

"యథాతథ స్థితికి సోమవారం సెలవు."

సోమవారం పొద్దున గేటు పక్కన నలభై అయిదు కుర్చీలు వేశారు. ఏడింటికి అయిదు నిమిషాలుండగా తొమ్మిదో నంబరు లారీ వచ్చి, అలవాటుగా పక్కకు తీసి, ఇంజను ఆపేసింది. హైమావతి తాళం తీసి గేటు రెండు తలుపులూ లోపలికి నెట్టింది. డ్రైవరు కదల్లేదు. ఎవరి కోసం తీశారోనని వెనక్కి చూశాడు. "నీకే అబ్బాయ్, రా," అని ఆమె చెయ్యి ఊపితే అప్పుడు బండి కదిలింది.

డాక్ మీద నలభై క్యాన్లు దిగాయి. హైమావతి ఒక్కొక్క మూతే తీసింది, వంగింది, టిక్కు పెట్టింది. ఇరవై దాటాక, లారీలోనే వచ్చిన అంకమ్మ లెక్కపెట్టడం మానేసి సుద్దముక్కనే చూస్తూ నిలబడింది. ముప్ఫై ఏడో క్యాను దగ్గర హైమావతి రెండోసారి వాసన చూసింది. అంకమ్మ ఒక అడుగు ముందుకేసింది. టిక్కు పడింది. నలభై క్యాన్లలో ఒక్కటీ పాలతో తిరిగి లారీ ఎక్కలేదు.

శేషఫణి గారు మెట్ల దగ్గరికి వచ్చారు. "పరిశీలన సంతృప్తికరంగా జరిగింది హైమావతి గారూ. మా మొదటి సిఫారసు ఇవాళే సమర్పిస్తున్నాం. మరి ఆ రాజీనామా..."

"ట్రేలోనే ఉందండీ. యథాతథ స్థితికి రేపు కూడా సెలవు రాసిపెట్టాను. నెలాఖరు దాకా అలా రాయనిస్తే, అప్పుడు ఆ కాగితం సంగతి చూద్దాం."

ఆయన తల ఊపి, ఆ మాటా రాసుకుని వెళ్ళిపోయారు. అంకమ్మ ఖాళీ క్యాన్లు లారీలోకి ఎక్కిస్తూ గేటు వైపు చూసింది.

"ఆ కుర్చీల్లో కూకున్నోళ్ళంతా ఎవురమ్మా?"

"సలహాదారులు."

"ఏం సలహా సెప్తారంట?"

"ముందొచ్చిన బండికి ముందు గేటు తీయమని."

"తీశావుగా మరి."

"తీశాను కాబట్టే చెబుతున్నారు."

అంకమ్మ ఇంకేదో అడగబోయింది. బయట పదకొండో నంబరు లారీ హారను కొట్టింది. హైమావతి తాళంచెవి తీసుకుని గేటు వైపు నడిచింది. ఆమె నడక మొదలుపెట్టగానే నలభై అయిదు కాగితాలు ఒక్కసారి తిరిగిన చప్పుడైంది.